మగ్గాలు ఆగిన అరగంట

2023 వేసవిలో నగరి నుంచి నాకు ఒక ఫోను వచ్చింది. మాది పుత్తూరు. ముప్పయ్యేళ్లుగా టీవీ మెకానిక్కును. మిద్దెలెక్కి యాంటెన్నాలు తిప్పుతూ మొదలైన బతుకు నాది. కేబుల్ వచ్చి సగం పని మింగింది, డిష్షులు వచ్చి మిగతా సగం మింగాయి. పాత ప్రసారాలు ఆపేశాక ఇక యాంటెన్నా అన్న మాటే వినబడదనుకున్నాను. అలాంటప్పుడు ఎవరో పెద్దాయన ఫోన్ చేసి, "అప్పా, మెడ్రాసు టవరు సిగ్నలు మా ఇంటికి తెప్పించేకి అవుతుందా?" అని అడిగితే, చెప్పొద్దూ, ప్రాణం లేచివచ్చింది.

ఈ పని తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. డిష్ ఆకాశంలోని ఉపగ్రహం నుంచి సిగ్నల్ తీసుకుంటుంది. టెరెస్ట్రియల్ అంటే నేలమీది టవర్ నుంచి గాలిలో నేరుగా వచ్చేది. అది ఇప్పుడు డిజిటల్ అయింది. చేపముల్లులా ఉండే యాగీ యాంటెన్నా, ఒక సెట్ టాప్ బాక్స్ ఉంటే చాలు. మాకు దగ్గర టవర్ అంటే చెన్నైదే. నగరికి వచ్చేసరికి ఆ సిగ్నల్ బాగా నీరసపడి ఉంటుంది. పాత రోజుల్లో సిగ్నల్ తగ్గితే తెరమీద చుక్కలు పడేవి, అయినా మనిషి కనబడేవాడు, పాట వినబడేది. డిజిటల్‌కు ఆ దయ లేదు. సరిపడా అందితే అద్దంలా వస్తుంది. కొంచెం తగ్గిందా, బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి నిలిచిపోతుంది. ఇంకొంచెం తగ్గితే నల్ల తెరే.

ఫోన్ చేసినాయన పేరు మునస్వామి. మరమగ్గాల వీధిలో ఇల్లు. ముందు హాల్లో నాలుగు మగ్గాలు, గోడకు అవతల మంచంమీద ఆయన భార్య వల్లియమ్మ. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఎదుటివాళ్లు చెప్పేది ఆమెకు ఎంత ఎక్కుతుందో కూడా ఎవరికీ తెలియదు.

"కసరత్తు చేయించే పాప వస్తాదప్పా," అన్నాడు మునస్వామి. "ఆయమ్మకు ఇష్టమైంది, తన అరవ బాసలో, దినామూ వినిపించండి, నాలిక తిరిగినా తిరగొచ్చు అనింది. పొద్దున ఏడింటికి మెడ్రాసు సర్కారు చానల్లో మురుగన్ పాటలు వస్తాయి. కాపీ తాగతా అది సూడకుంటే మా ఇంటామెకు తెల్లారేది కాదు. ఇప్పుడు కేబులోడు ఆ చానలు తీసేసినాడు. డిష్ పెడదామంటే దచ్చినం పక్క మూడంతస్తుల గోడ అడ్డం."

"ఫోన్‌లో పాటలు పెట్టి చూశారా అన్నా?"

"పెట్టినా. మొగం తిప్పుకునింది. ఆ పెద్ద తెర, ఆ చెప్పే ఆడమనిషి మొగం, అన్నీ ఉండాల అనుకుంటా."

మాట వస్తుందన్న ఆశ ఆయన గొంతులో ఎంతగా ఉందంటే, నాకు బేరం మాట్లాడబుద్ధి కాలేదు. మరునాడు పొడవాటి ఇనుప పైపు ఎత్తి, దాని కొసన యాంటెన్నా కట్టి, బూస్టర్ పెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళ కావడంతో వీధి కాస్త నిమ్మళంగా ఉంది. బొమ్మ అద్దంలా వచ్చింది. మీసం మెలేసి ఇంటికొచ్చాను.

మరునాడు పొద్దున్నే ఫోను. "ఏమప్పా, ఆ చెప్పేయమ్మ నోరు తెరిసి అట్నే నిలబడిపోయింది!"

వెళ్లి మీటర్ పెట్టి చూశాను. సిగ్నల్ ఉంది, కానీ దాని నిండా తప్పులే. కారణం కనుక్కోవడానికి ఎంతోసేపు పట్టలేదు. మునస్వామిని తన మగ్గాలు నిలపమన్నాను. తప్పులు తగ్గాయి, పూర్తిగా పోలేదు. పక్కింటివి, ఎదురింటివి ఆడుతూనే ఉన్నాయి మరి. పాత మోటార్ల స్టార్టర్లలో, వదులైన వైర్లలో చిన్న చిన్న నిప్పురవ్వలు లేస్తుంటాయి. కంటికి కనబడవు కానీ ప్రతి రవ్వా గాలిలో ఒక చిటపట. దీన్ని మా పనిలో ఇంపల్స్ నాయిస్ అంటారు. బలమైన సిగ్నల్‌కు ఇదొక లెక్క కాదు. చెన్నై నుంచి నీరసంగా వచ్చే సిగ్నల్‌కు మాత్రం మూలిగే నక్క మీద తాటిపండే. కేబుల్ మార్చాను, ఫిల్టర్ పెట్టాను, పైపును వెనక మిద్దెకు తరలించాను. బొమ్మ ఒక పాటకు వస్తే రెండో పాటకు విరిగేది.

విసిగిపోయి అన్నాను. "అన్నా, ఇంక ఒకటే మందు. మీ వీధంతా పొద్దున అరగంట మగ్గాలు నిలపాల."

నేను ఎకసెక్కానికే అన్నాను. ఆడే మగ్గాన్ని ఆపమంటే పొయ్యిలో నీళ్లు పోయమన్నట్టే, ఎవరు ఒప్పుకుంటారు? మునస్వామి మాత్రం ఆ సాయంత్రమే చేతులు జోడించుకుని ఇల్లిల్లూ తిరిగాడు. వీధి వీధంతా ఒప్పుకుంది! వల్లియమ్మ చేతి రసం తాగని ఇల్లు ఆ వీధిలో లేదట. ఏడు నుంచి ఏడున్నర దాకా ఎవరూ మగ్గం ఆడించరాదని మాట అనుకున్నారు.

మొదటిరోజు నేనూ ఉన్నాను. ఏడు కాగానే ఎదురింటి మగ్గం నిలిచింది. తర్వాత పక్కిల్లు, ఆ పక్కిల్లు. చివరికి మునస్వామి తన నాలుగూ నిలిపాడు. పొద్దస్తమానం అదిరే వీధిలో కాకి కూత కూడా వినబడింది. తెరమీద బొమ్మ ఒక్క గడి కూడా చెదరకుండా వచ్చింది. పని లేని ఆ అరగంట చుట్టుపక్కల ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి, మాట్లాడకుండా, చప్పుడు చేయకుండా మంచం చుట్టూ కూర్చున్నారు. వల్లియమ్మ వాళ్లను ఒక్కొక్కరినే చూసింది. భర్త వైపు చూసింది. కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి.

"సామి పాటకు కరిగిపోతా ఉండాది సూడు," అంది ఒకామె, కొంగుతో తన కళ్లు కూడా తుడుచుకుంటూ.

మునస్వామి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇంటికి వచ్చి మా ఆవిడకు ఈ కథంతా చెప్పి, ఇన్నేళ్లకు నా పనికి అర్థం దొరికింది అన్నాను.

రెండు వారాలు గడిచాయి. మళ్లీ ఫోను. ఈసారి గొంతులో జీవం లేదు. "అన్నం మింగడం లేదప్పా. ఏడు కాకముందే మంచం పట్టె గట్టిగా పట్టుకుంటాది. ఇడిపించలేకుండా ఉన్నాము. ఆ పెట్టెలో సద్దు ఏమన్నా తేడాగా వస్తా ఉందేమో, వచ్చి సూడు."

పెట్టెలో ఏ తేడా ఉండదని తెలిసినా, పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. అంతకు ముందురోజు రాత్రే వల్లియమ్మ అక్క రుక్కమ్మ తిరుత్తణి నుంచి చెల్లెల్ని చూసుకోవడానికి వచ్చిందట. ఆమె వెనక వంటింట్లో ఉంది. ఏడయింది. ఎప్పటిలాగే మగ్గాలు ఒక్కొక్కటే నిలిచాయి. పాట మొదలైంది.

రుక్కమ్మ చేతిలో గరిటెతోనే మంచం ఉన్న గదిలోకి పరిగెత్తుకొచ్చింది. "ఎవురు పొయ్యింది మునసామీ? ఎవురింట్లో?"

మునస్వామి అర్థంకాక చూశాడు. "ఎవురూ పోలేదొదినా."

"మరి మగ్గాలు నిలిపితివే? పైన ఫ్యాను తిరగతా ఉండాది, కరెంటు ఉండాది. వీదంతా ఒక్కసారి నిలిసిందంటే ఇంకేమి?"

నాకు అప్పటిదాకా తెలియని సంగతి అది. ఆ వీధుల్లో ఎవరైనా చనిపోతే, శవం లేచేదాకా మగ్గం ఆడదు. కరెంటు పోతే ఫ్యాను కూడా ఆగుతుంది, పిల్లకాయలు కేకలేస్తారు. అమావాస్య సెలవైతే మగ్గం అసలు మొదలే కాదు. ఆడుతున్న మగ్గాలు ఆడుతున్నట్టే ఒకదాని వెనక ఒకటి నిలిచి, వీధి మూగదైందంటే అది చావు ఒక్కదానికే.

"అది కాదొదినా," అన్నాడు మునస్వామి. "ఆమె పాట ఇనేదానికని నేనే అందర్నీ అడిగి నిలిపిస్తి."

"నువ్వు అడిగినావు, నీకు తెలుసు. వీదిలో వాళ్లకు తెలుసు. దీనికి తెలుసునా?"

"చెప్పినా. చెవిలో చెప్పినా. ఎక్కిందో లేదో..."

రుక్కమ్మ మంచం వైపు చూసింది. మేమూ చూశాం. చుట్టూ నోరు మెదపకుండా కూర్చున్న ఆడవాళ్లు. ఆగిపోయిన సొంత మగ్గాలు. దేవుడి పాట. మధ్యలో కళ్లు ఇంతింత చేసుకుని, ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని ఉన్న మనిషి. ఆమె ఏమనుకుంటున్నదో చెప్పడానికి ఆమెకు మాట లేదు. మాకు కళ్లుండీ కనబడలేదు.

మునస్వామి లేచి వెళ్లి స్టార్టర్ నొక్కాడు. ఒకటి, రెండు, నాలుగు మగ్గాలూ కదిలాయి. ఆ మోత విని ఎదురిల్లూ మొదలెట్టింది. తెరమీద బొమ్మ గళ్లుగా విరిగి, పాట మధ్యలో తెగిపోయింది. వల్లియమ్మ వేళ్లు మెల్లగా పట్టె వదిలాయి. రుక్కమ్మ గంజి తెస్తే నాలుగు గరిటెలు తాగింది.

మునస్వామి బయట అరుగుమీద కూలబడ్డాడు. "దినామూ అర్దగంట ఆయమ్మ సచ్చిపోతా ఉంటే, మేము సుట్టూ కూసోని పాట ఇంటా ఉంటిమి గదప్పా."

మంచికి పోతే చెడు ఎదురైందని సామెత చెప్పి తప్పుకునే సందర్భం కాదది. "దించెయ్యి," అన్నాడాయన. యాంటెన్నా దించేశాను. దాన్ని మళ్లీ ఎవరి ఇంటికీ బిగించబుద్ధి కాక పాత సామాన్లవాడికి ఇచ్చేశాను.

అప్పటినుంచి నా పనిలో ఒక మార్పు వచ్చింది. బొమ్మ వచ్చిందా లేదా అన్నది మీటర్ చెబుతుంది. ఆ బొమ్మ ఎవరికోసమో ఆ మనిషికి ఎలా ఉందన్నది మీటర్‌కు తెలియదు. అందుకని బొమ్మ వచ్చాక తెరకు వీపు తిప్పి, చూసేవాళ్ల ముఖం కాసేపు చూస్తాను. ముసలివాళ్లయినా, మాట రానివాళ్లయినా పక్కన కూర్చుని అడుగుతాను. జవాబు రాకపోయినా వెంటనే లేవను. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి అంత పెద్ద ఖరీదు ఆ ఇల్లాలు పెట్టింది.

వల్లియమ్మకు మాట రాలేదు. మరుసటి ఏడు వానాకాలంలో పోయింది. కబురు తెలిసి వెళ్లాను. వీధి మలుపు తిరిగేసరికి మగ్గాలు ఆడుతున్నాయి. కబురు తప్పేమోనని ఒక్క క్షణం ఆశ పుట్టింది. దగ్గరికి వెళితే వాకిట్లో ఆమెను పడుకోబెట్టి పూలమాల వేసి ఉన్నారు. లోపల మునస్వామి మగ్గాలు నాలుగూ తిరుగుతూనే ఉన్నాయి. వీధి పెద్ద ఒకాయన కోపంగా ఉన్నాడు.

"తాతల నాటి ఆచారం మునసామీ. ఇంట్లో పీనుగ పెట్టుకోని మగ్గం ఆడిస్తారా ఎవురన్నా?"

మునస్వామి చేతులు జోడించాడు. తెల్లవారుజామునే అలా చేతులు జోడించుకుని మళ్లీ ఇల్లిల్లూ తిరిగి వచ్చాడట. "ఆచారం మనకు, అన్నా. మా ఇంటామెకు మగ్గం నిలిస్తే బయం. ఈ ఒక్కసారికి ఆడనీయండి."

ఆ పెద్దాయన పక్కకు తప్పుకున్నాడు. పాడె లేచింది. వీధి పొడుగునా గుమ్మాల్లో జనం నిలబడి దండం పెట్టారు, వాళ్ల వెనక మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. నేను పాడె వెనకే నడిచాను. వీధి దాటి రోడ్డెక్కేసరికి మగ్గాల మోత సన్నగిల్లింది. మునస్వామి పాడె పక్కకు జరిగి, భార్య చెవి దగ్గరికి వంగి, "యాడికీ పోలేదే, మగ్గాలు ఆడతానే ఉండాయి," అని చెప్పాడు.