మా అత్త చదువు, నా కళ్ళమంట

ఆ రోజుల్లో డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్నవాడంటే ఊళ్ళో అందరికీ లోకువే. అందుకని గుంటూరు దగ్గర మా ఊళ్ళో వయోజన విద్యా కేంద్రం పెడితే, పంతులుగా నేనే చేరిపోయాను. పగలంతా మిరపకాయల తొడిమలు తీసి అలిసిన ఆడవాళ్ళు సాయంత్రం పలకలు పట్టుకొచ్చేవారు. వాళ్ళకి అక్షరాలంటే భయం, నాకు వాళ్ళంటే భయం. ముఖ్యంగా మా మేనత్త (చిన్నప్పుడు నన్ను చింతబరికెతో ఊరంతా తరిమిన మనిషి). బస్సు బోర్డు చదివిపెట్టమని ఇక ఎవర్నీ బతిమాలకూడదని ఆవిడ పంతం.

ఆవిడకి గుణింతాలు అప్పుడప్పుడే పట్టుబడుతుండగా, తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. ఒక్కరైనా పేపరు చదవలేకపోతే కేంద్రం ఎత్తేస్తారట. నాకు అన్నం సయించలేదు. చివరికి అత్తే ఉపాయం చెప్పింది. "ఒరేయ్, నువ్వు నా ఎదురుగా నిలబడి పెదాలు ఆడించు. నేను అందుకుంటా" అంది. సరేనన్నాను.

ఆఫీసరు రానే వచ్చాడు. జీపు చప్పుడుకే నాకు ముచ్చెమటలు పోశాయి. "మొహం తుడుచుకోరా" అని అత్త తన తువాలు అందించింది. పొద్దుటినుంచీ మిరపకల్లంలో ఆవిడ మూతికి కట్టుకున్న తువాలు అదేనని ఇద్దరికీ తట్టలేదు. తుడుచుకున్నానో లేదో, కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది.

"ఏమయ్యా, ఏడుస్తున్నావెందుకు?" అన్నాడు ఆఫీసరు.

"మీరంటే బయమండి వాడికి" అంది అత్త.

ఆయన చేతిలో పేపరు ఆవిడకిచ్చి చదవమన్నాడు. నాకు పేపరూ కనపడదు, అత్తా కనపడదు. ఇంకేం అందిస్తాను? గోడకి ఆనుకుని ఊరికే పెదాలు ఆడిస్తూ నిలబడ్డాను (ఏ దేవుణ్ణి తలుచుకున్నానో ఇప్పటికీ తెలియదు). అయిపోయింది, ఎత్తేశారనుకున్నాను. అప్పుడు అత్త కూడబలుక్కుంటూ, "ప...త్తి..." అంది. చాలాసేపటికి "ధ...ర" అంది. ఆపైన "తగ్గింది" అని ఒక్కసారే చదివేసి, "మళ్ళీ తగ్గిందా? ఎందుకు తగ్గిందండీ?" అని ఆఫీసర్నే నిలదీసింది. ఆయన పేపరు వెనక్కి తీసుకుని, కేంద్రం బాగానే నడుస్తోందని చెప్పి జీపెక్కాడు.

అత్త నా కళ్ళు మజ్జిగతో కడుగుతూ, "నీ మూతి చూస్తూ కూర్చుంటే నాకు ఈ జన్మకి వచ్చేది కాదురా" అంది.

ఇప్పుడు మా మనవరాలు నాకు ఫోను నేర్పుతోంది. నా వేలు కాస్త ఆగితే చాలు, చటుక్కున తనే నొక్కేస్తుంది. "కాసేపు కళ్ళు మూసుకోవే తల్లీ" అంటాను. అది నవ్వుతూ మూసుకుంటుంది. నేను భయపడుతూనే నొక్కుతాను.