ఒక్కో లైను వెంకటప్పయ్య

వెంకటప్పయ్య గారి అట్టముక్కను నాగూర్ బందరు కాలువలో పారేశాడు. పటమటలో పదిమందికైనా ఆ పని చెయ్యాలని ఉండేది. చేసినవాడు మాత్రం నాగూర్ ఒక్కడే.

ఎందుకంటే వెంకటప్పయ్య గారు దేన్నయినా ఒక్కో లైనే చదివేవారు. పై లైను పూర్తయ్యేదాకా కింది లైను కంటపడకూడదు. అందుకని శుభలేఖలోంచి కత్తిరించిన జానెడు అట్టముక్క ఎప్పుడూ ఆయన జేబులో ఉండేది. పేపరు మీద అదే, హోటల్లో టిఫిన్ల పట్టిక మీదా అదే. సర్వరు వచ్చి ఏం కావాలంటే, "ఉండవయ్యా, ఇంకా ఇడ్లీ దగ్గరే ఉన్నా" అనేవారు. ఎవరిదో శుభలేఖ మీద అట్ట జరుపుకుంటూ ముహూర్తం దాకా వచ్చేసరికి ఆ పెళ్లికూతురికి సీమంతం కూడా అయిపోయిందని చెప్పుకునేవారు. ఎందుకండీ ఇదంతా అంటే ఒకటే జవాబు: కళ్లు గంతులేస్తున్నాయి.

ఆయన రైల్వే పార్శిలాఫీసులో రిటైరై, క్వార్టర్సు ఖాళీ చేసి 2003లో పటమటలో దిగారు. ఊరికే కూర్చోలేక, కరిముల్లా నెట్ సెంటర్లో పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా పెద్దవాళ్లకు ఇంగ్లీషు చదవడం నేర్పేవారు. ఆ వేళకు బేరాలుండవు కాబట్టి కరిముల్లా సరేనన్నాడు. పుస్తకాల్లేవు. ఎవరికి పనికొచ్చే పేజీ వాళ్లకి ఇంటర్నెట్లో వెతికిపెట్టేవారు. చేపలమ్మే సంపూర్ణమ్మ మొగుడు బందరు నుంచి వేటకెళ్తాడు గనుక ఆమెకు సముద్రం మీద గాలివానల పేజీ. నాగూర్‌కి జనరేటర్ల మాన్యువల్.

నాగూర్ ఆటోనగర్లో జనరేటర్ మెకానిక్. అయిదో తరగతిలో బడి మానేసి, స్పేర్ పార్టులకు చుట్టి వచ్చే ఇంగ్లీషు పేపర్లు విప్పుకుని సొంతంగా చదవడం నేర్చుకున్నాడు. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. లోకమంతా కమిటీ వేసి మరీ తనను బడి మాన్పించిందన్నట్టు ఉండేది అతని మొహం. గన్నవరంలో కొత్తగా కడుతున్న ఒక కంపెనీకి మెకానిక్ కావాలి. కంప్యూటర్ తెర మీద మాన్యువల్ చూపిస్తారు, అది చదివి పని చేసి చూపించాలి. అది రాకపోతే ఆటోనగర్ మేస్త్రీ తిట్లతోనే ముసలివాడవుతానని నాగూర్ భయం.

మొదటిరోజు మాస్టారు తెర మీద వేలు జరుపుతుంటే నాగూర్ గడగడా చదివేసి అర్థం కూడా చెప్పాడు. ఇంజను ఆపాలి, రేడియేటర్ మూత తియ్యాలి. చల్లారేదాకా ఆగమన్న లైను మధ్యలో ఎగిరిపోయింది. కూడబలుక్కుని చదివే సంపూర్ణమ్మకి అది దొరికింది.

"నడిమజ్జన కూల్ అని ఉందిగా తమ్ముడూ. మూతతో పాటు మొహం కూడా ఊడొస్తది" అంది.

కరిముల్లా చొక్కా మీద టీ పోసుకునేలా నవ్వాడు. నాగూర్ లేచి చెప్పులు వెతుక్కున్నాడు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "కూర్చోవయ్యా. తప్పు నాది. కళ్లు గంతులేసి వేలు ఒక లైను కింద పెట్టా" అన్నారు. మర్నాడు అట్టముక్క వచ్చింది. ముసలాయన కళ్లు పాడయ్యాయని నాగూర్ జాలిపడ్డాడు.

ఆ జాలి వారం రోజులు నిలిచింది.

"నాకు పేజీ మొత్తం ఒకేసారి వచ్చేస్తదండీ మాస్టారూ."

"నీకొస్తదయ్యా, ఇంటర్నెట్‌కి రావద్దూ?"

నిజమే. టెలిఫోన్ తీగలోంచి పేజీ నత్తలా దిగేది. ఆ దిగిన కాస్త మీదా మాస్టారు అట్ట పెట్టేవారు. ఆర్నెల్లు ఇలాగే గడిచాయి. ఇంకో రెండు రోజుల్లో పరీక్ష అనగా, ఆయిల్ చూడమన్న ఒకే ఒక్క లైను నాలుగుసార్లు చదివించేసరికి నాగూర్ అట్ట లాక్కుని బయటికి నడిచాడు. సైకిలు మీద కాలువ దాకా వెళ్లినా కోపం దిగలేదు.

మర్నాడు మాస్టారు చెప్పుల పెట్టె మూత పట్టుకొచ్చారు. అది పెడితే తెరంతా మూసుకుపోయింది. పాతది జేబులోంచి ఎక్కడో జారిపోయిందని కరిముల్లాకి చెప్పారు. నాగూర్ వైపు చూడలేదు.

గన్నవరంలో ఇంజనీరు చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. నాగూర్ కళ్లు తెర మీద పై నుంచి కిందికి ఒక్క దూకు దూకాయి. నాలుగో లైనులో ఉండగా రెండోది చదవలేదని తెలిసింది. చెయ్యి దానంతటదే లేచి తెరకు అడ్డం పడింది.

"ఏంటయ్యా అది?"

"కళ్లు గంతులేస్తాయి సార్" అన్నాడు నాగూర్.

అరచెయ్యి జరుపుకుంటూ మొత్తం చదివాడు. రెండో లైను ముందు బ్యాటరీ తీగ విప్పమంది, విప్పాడు. ఒకటో తారీకు నుంచి రమ్మన్నారు.

సాయంత్రం ఆ మాట చెబుదామని మాస్టారి ఇంటికి వెళ్లాడు. ఆయన అరుగు మీద పేపరు రెండు చేతులా బార్లా పరిచి, భార్య గంగారత్నానికి చదివి వినిపిస్తున్నారు. అదేం చదువు! మెయిలు బండి చిన్న స్టేషన్లను దాటేసినట్టు పోతోంది. ఆమె ఒక వార్తకు అయ్యో అనేలోగా ఆయన మూడోదానిలో ఉన్నారు.

"మాస్టారూ" అన్నాడు నాగూర్.

పేపరు టక్కున మడతపడింది. మాస్టారు జేబులు తడుముకున్నారు. ఏమీ దొరక్క, గంగారత్నం ఒళ్లోని చేట లాక్కుని పేపరు మీద బోర్లించారు. బియ్యం అరుగంతా పరుచుకున్నాయి. ఆయన చేట అంచు మీదుగా ఒక్కో అక్షరం కూడబలుక్కోవడం మొదలుపెట్టారు.

"చాల్లెండి సంబడం" అంది గంగారత్నం. "ముప్పయ్యేళ్లు నాలుగు భాషల అడ్రసులు ఒక్క చూపులో చదివిన మనిషి నాయనా. ఆర్నెల్ల నుంచీ ఏం వచ్చిందో, గుమ్మం దిగితే కళ్లు పోతాయి, ఎక్కితే వస్తాయి."

ఆర్నెల్ల కిందట ఏం జరిగిందో నాగూర్‌కి తెలుసు. తన చెప్పులు ఆ రోజు ఎక్కడ విడిచాడో కూడా గుర్తుంది. ఉద్యోగం వచ్చిందన్నాడు. అట్టను కాలువలో పారేసింది తనేనన్నాడు. మాస్టారు బియ్యం ఏరుతూ రెండింటికీ తల ఊపారు.

కంపెనీ వాళ్లు నాగూర్‌ని ఆ నెల్లోనే కాకినాడ పంపేశారు. మళ్లీ ఆయన్ని చూడ్డం పడలేదు. ఆ సాయంత్రం గుమ్మం దిగబోతుంటే మాస్టారు దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పారు.

"సెంటర్లో ఎవరితోనూ అనమాక నాగూరూ. సోమవారం నించి పాలడిపో ఆయన చదువుకొస్తున్నాడు. బాగా అభిమానం గల మనిషి, నలుగురిలో మాట పడలేడు. ఇంకో ఆర్నెల్లదాకా నా కళ్లు బాగుపడటానికి లేదు."