ఎనిమిదో ఇల్లు

ఆ పల్లెలో ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగులేదో డాక్టరు కంటే ముందు దేముడమ్మకి తెలుస్తుంది. పాతికేళ్ళుగా చేపల గంప నెత్తిన పెట్టుకొని ఆ వీధుల్లోనే తిరుగుతోంది. మగాళ్ళు గుజరాత్‌ వెళ్ళి వెరావల్‌లో పరాయి పడవలెక్కే ఇళ్ళకి సొంత పడవుండదు. సముద్రం గుమ్మంలోనే ఉన్నా చేప కొనుక్కోవాల్సిందే. అలాంటి ఇంటి ఆడమనిషి వారం పాటు రొయ్యా వద్దు, ఎండుచేపా వద్దు, పాలసొర సేపపిల్లుంటే ఇయ్యి అందంటే, లోపల ఎవరో పథ్యం తింటున్నట్టే.

వేట ఆపేసి మగాళ్ళు ఇళ్ళకి చేరిన జూన్‌ నెలలో, విశాఖపట్నం నుంచి అనూరాధ అనే అమ్మాయి వచ్చింది. వలసపోయేవాళ్ళతో పాటు జబ్బులు ఎలా ప్రయాణం చేస్తాయో పరిశోధన చేస్తోందట. పడవలో ఇరుకు గది, ఎనిమిది మంది, నెలల తరబడి అదే గాలి. ఊళ్ళో టీబీ ఎందరికుందో తేల్చాలి. ఇళ్ళు చూపించడానికి దేముడమ్మని తోడు పిలిచింది.

నాలుగు రోజులు తిరిగారు. అందరిదీ ఒకటే జవాబు.

“దగ్గా? మా ఆయనకా? ఏనుగులాగున్నాడు, లోపలికొచ్చి సూడండి,” అంది ధనలక్ష్మి. లోపల ఆ ఏనుగు తువ్వాలు నోట్లో కుక్కుకొని దగ్గు ఆపుకుంటున్నాడు.

పడవ నడిపించే పెద్దని తండేలంటారు. ఆగస్టులో తండేలు జగన్నాధం వచ్చి మనుషుల్ని ఏరుకుంటాడు. దగ్గేవాణ్ణి ఎక్కించుకోడు.

“ఇలాగైతే ఈ ఊళ్ళో జబ్బే లేదని రాసుకొని పోవాలి,” అంటూ అనూరాధ అరుగు మీద కూలబడింది.

దేముడమ్మకి నవ్వొచ్చింది. “ఓలమ్మా, నోటినడిగితే ఏటి తెలుస్తాది? నా గంపనడుగు.” వేళ్ళు మడుస్తూ ఏడిళ్ళ పేర్లు చెప్పింది. అక్కడితో ఆపేసింది.

ఎనిమిదోది ఆవిడ ఇల్లే. కొడుకు అసిరయ్యకి ఇరవై మూడేళ్ళు. నెల రోజులుగా పాలసొర పిల్లలు గంప అడుగున దాచి తెచ్చి వాడికి వండి పెడుతోంది. ఈ ఏడు ఇంజను డ్రైవరుగా తీసుకుంటానని జగన్నాధం వాడికి మాటిచ్చాడు.

“ఈ ఒక్కపాలికే అమ్మా. ఒచ్చేక మందులు తింతాను కదా,” అన్నాడు వాడు.

అనూరాధ దేముడమ్మ పేరు బయటపెట్టలేదు. కానీ ఆస్పత్రివాళ్ళు వచ్చి తిన్నగా ఆ ఏడు గుమ్మాల ముందే ఆగితే, పల్లెకి వేరే పేరు చెప్పాలా? తెమడ పరీక్షలో అయిదుగురికి టీబీ తేలింది. అయిదుగురినీ జగన్నాధం వద్దన్నాడు.

ధనలక్ష్మి వీధిలోకొచ్చి దుమ్మెత్తిపోసింది. “ఒసే దేముడీ! సేప తినిపించి మా కూడు తీసీసినావే! నీ కొడుకు మాత్రం దర్జాగా రైలెక్కుతన్నాడు, నీ నాలిక పుచ్చిపోను!”

ఆ రోజు నుంచి పల్లెలో ఆవిడ గంప దించినవాళ్ళు లేరు. బస్సెక్కి పక్కూరికి పోయి అమ్ముకునేది.

ఆగస్టులో విజయనగరం స్టేషన్‌లో అసిరయ్య దగ్గుతుంటే జగన్నాధం ఆగాడు. “ఏరా, ఆ దగ్గేటి?”

వాడు నోరు తెరిచే లోపే దేముడమ్మ అందుకుంది. “పడిశం బావా. రాత్రి వానలో తడిసిపోనాడు.”

కార్తీకమాసంలో ఫోనొచ్చింది. అసిరయ్య నడిసముద్రంలో నెత్తురు కక్కుకున్నాడు. ఒడ్డుకి రావడానికి రెండు రోజులు పట్టింది. అక్కడి ఆస్పత్రిలో నాలుగో రోజు పోయాడు. పడవలో మరో ఇద్దరికి ఆ జబ్బే అంటుకుందట. అక్కడే మట్టి చేశారు. కన్నతల్లి కడసారి చూపు ఫోన్లోనే అయింది.

ఇక్కడ ఆ అయిదుగురూ మందులు మింగి ఒళ్ళు చేశారు.

మాఘమాసంలో అనూరాధ వాళ్ళ బరువులు రాసుకోడానికి వచ్చింది. అసిరయ్య సంగతి విని, బస్సుకోసం నిలబడ్డ దేముడమ్మ దగ్గరికి పరుగున వచ్చింది.

“ఏడిళ్ళు చెప్పారు, మీ ఇల్లెందుకు దాచారు?”

“పరాయి బిడ్డలు కాబట్టి సెప్పగలిగినానమ్మా. నువ్వు మా గుమ్మంలోకొచ్చి అడిగినా, లేదనే అందును.”

బస్సొచ్చింది. గంప ఎత్తడానికి సాయం పట్టబోయిన అనూరాధ చేతిని దేముడమ్మ తోసేసింది.