పదిహేను డిగ్రీల దగ్గర

చిక్కడపల్లి గ్రంథాలయంలో నన్ను డిపో సార్ అనేవాళ్ళు. ఆ పేరు నేనే పెట్టించుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు చమురు రంగంలో ఉన్నానని, సముద్రం మధ్య ఇనప కట్టడం మీద నిలబడి గొట్టాల్లోంచి ఎగసే మంటల వేడికి కనుబొమలు కాల్చుకున్నానని, చివరికి ఊరి పొలిమేరలో ఒక పెద్ద ఆయిల్ డిపోకి మేనేజరుగా రిటైరయ్యానని పేపర్ల గదిలో కూర్చునే తోటి ముసలాళ్ళకు చెప్పాను. వాళ్ళు నమ్మారు. నమ్మకపోతే వాళ్ళ కథలు నేను నమ్మనని వాళ్ళకు తెలుసు.

నా కనుబొమలు పుట్టుకతోనే పలచన. సముద్రాన్ని ఒక్కసారి చూశాను, ఎవరిదో పెళ్ళికి విశాఖపట్నం పోయినప్పుడు, అదీ బస్సు కిటికీలోంచి. ముప్పై నాలుగేళ్ళు అన్నది మాత్రం నిజం. సరే, ముప్పై ఒకటి.

ఆ ముప్పై ఒక్కేళ్ళూ నారాయణగూడ చౌరస్తాకు కాస్త ఇవతల ఒక పెట్రోలు బంకులో గడిచాయి. పొద్దున ఆరింటికి నా పని మొదలు. నేల కింద ట్యాంకు మూత తీసి, అంకెలు చెక్కిన పొడవాటి కడ్డీని లోపలికి దించాలి. డిప్ రాడ్డు అంటాం. కొసకు ఒక పేస్టు పూస్తాం, అడుగున నీళ్ళు చేరి ఉంటే దాని రంగు మారుతుంది. రాడ్డు అడుగు తగలగానే పైకి లాగి, ఎంతవరకు తడిసిందో చూసి, ఆ అంకెకు ఎన్ని లీటర్లో పట్టికలో చదువుకోవాలి. తర్వాత గాజు జారులో పెట్రోలు పట్టి సాంద్రత చూడాలి. ఎండకు పెట్రోలు ఉబ్బుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకని ఏ వేళ కొలిచినా, పదిహేను డిగ్రీల దగ్గర అది ఎలా ఉంటుందో చూసి సరిచేస్తేనే అసలు కొలత. ఈ పనిలో నన్ను మించినవాడు హైదరాబాద్‌లో లేడు. నారాయణగూడలో లేడు. ఆ బంకులో లేడు.

ఆ అమ్మాయి నాకు తెలిసింది గ్రంథాలయంలోనే. చదువుకునే హాల్లో ఎవరి ముందు చూసినా అవే పుస్తకాలు: రాజ్యాంగం, ఉద్యమ చరిత్ర, కరెంట్ అఫైర్స్. ఆమె ముందు మాత్రం స్పైరల్ బైండింగు చేసిన లావు జిరాక్సు ప్రతి, ముడి చమురు రవాణా మీద. నా కన్ను దాని మీద పడింది. ఆయిల్ అండ్ గ్యాస్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీయే అట, ఊరవతల ఒక ప్రైవేటు యూనివర్సిటీలో, రెండో సంవత్సరం. నేను డిపో సార్‌నని పక్కవాళ్ళు చెప్పేసరికి లేచి నిలబడింది. ఒక చదువుకున్న పిల్ల నన్ను చూసి లేచి నిలబడటం అదే మొదటిసారి. ఆ కొద్దిపాటి సుఖానికి తర్వాత ఆమె ఏం కోల్పోయిందో అదే ఈ కథ.

ఆమెది నారాయణపేట వైపు పల్లె. తల్లిదండ్రులు అంబర్‌పేట్‌లో బస్తీలో ఉంటారు. కట్టే చోటల్లా స్లాబు పనికి పోతారు. ఆ ఒక్క గదిలో చదువు సాగదని ఆమె అశోక్‌నగర్ హాస్టల్లో ఉండేది. గదికి నలుగురు. మిగిలిన ముగ్గురూ గ్రూప్స్‌కు చదివేవాళ్ళు. పెట్రోల్ పోయనీకి కూడ ఎంబీయే ఉంటదా అని ఆమెను ఆటపట్టించేవాళ్ళట. కోర్సులో చేరేటప్పుడు యూనివర్సిటీ కౌన్సెలర్ ఆమె తండ్రితో, బండి నడవాలంటే పెట్రోల్ కావాలి, పొయ్యి వెలగాలంటే గ్యాస్ కావాలి, ఈ చదువుకు ఖతం అన్నది లేదు అన్నాడట. తండ్రికి ఆ మాట నచ్చింది. ఇరవై ఎనిమిది మంది చేరిన క్లాసుకు రెండో ఏడు పదకొండు మంది వస్తున్నారు. డ్రిల్లింగ్ చెప్పే ఆయన స్లైడ్లు చదివి వినిపిస్తాడు. ఒకరోజు, నేనూ ఇవి ఎన్నడూ చూడలేదమ్మా అని ఒప్పుకున్నాడట. ఆ లెక్చరర్ నాకంటే గొప్పవాడని ఇప్పుడు అనిపిస్తుంది. కిందటి బ్యాచ్ సీనియర్లు ఎక్కడున్నారని అడిగితే, ఇద్దరు మా వీధిలోనే కోచింగ్‌లో ఉన్నారు సార్ అని నవ్వింది.

ఆమెకు అప్పుడు కావలసింది ఒక్కటే. వేసవిలో ఎనిమిది వారాలు ఏదో ఒక ఆయిల్ లేదా గ్యాస్ సంస్థలో ఇంటర్న్‌షిప్. నెలాఖరులోపు చేరినట్టు ఉత్తరం ఇవ్వకపోతే ఆ సెమిస్టరు పోతుంది. యూనివర్సిటీ వాళ్ళు మీరే చూసుకోండి అన్నారు. నల్లకుంట దిక్కున ఒక గ్యాస్ ఏజెన్సీ ఆయన, హాస్టల్లో ఎవరికో మేనమామ, తన దగ్గర పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. సిలిండర్ల బుకింగులు, డెలివరీ బండ్లు, గోడౌను జాగ్రత్తలు చూసి రాసుకొమ్మన్నాడు. చిన్నదే కానీ యూనివర్సిటీకి చెల్లుతుంది. సోమవారంలోపు మాట చెప్పాలట. ఏం చేయమంటారు సార్ అని నన్ను అడిగింది.

"సిలిండర్లు మోసుడు చూసెతందుకా ఎంబీయే చదివింది? వద్దని చెప్పు బిడ్డా. డిపోల నేను పెట్టిస్త."

"నిజంగనా సార్?"

"నా కుర్చీ ఇంక అక్కడనే ఉన్నది."

ఆమె ఆ సాయంత్రమే ఏజెన్సీకి వద్దని చెప్పింది.

మొదటి వారం, డిపోలో పెద్దసారు జీఎం ముంబైలో ఉన్నాడని చెప్పాను. రెండో వారం డిపోలో ఆడిట్ పెట్టించాను. మూడో వారం ట్యాంకులు కడిగించాను, ఆ సమయంలో బయటివాళ్ళను రానివ్వరని కూడా వివరించాను. ఆమె తల ఊపుతూ వినేది, కొన్ని రాసుకునేది కూడా. నేను అసలేమీ చేయలేదనుకోకండి. ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని రెండు బస్సులు మారి డిపో దాకా పోయాను. గేటు ముందు ట్యాంకర్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఎవరు కావాలని గార్డు అడిగాడు. లోపల ఒక్క మనిషి పేరు కూడా నాకు తెలియదు. బండి తగులుతుంది పెద్దాయనా, జర పక్కకు నిలబడు అన్నాడు. పక్కకు నిలబడ్డాను. ఎదురుగా చాయ్ బండి దగ్గర మధ్యాహ్నం దాకా కూర్చుని తిరిగి వచ్చాను. జీఎంతో మాట్లాడాను, పని అయినట్టే అని ఆమెకు చెప్పాను.

నెలాఖరుకు ఆరు రోజులుండగా, డిపో ఖాయమయ్యేలోపల కనీసం ఒక బంకైనా చూపించమంది. క్లాసులో డిప్ రాడ్డు బొమ్మ తప్ప రాడ్డును ఎవరూ చూడలేదట. నా బంకుకే తీసుకుపోయాను. అక్కడ నన్ను ఎరిగినవాడు ఇంకొక్కడే మిగిలాడు, ఒకప్పుడు నా కింద పెట్రోలు పోసి ఇప్పుడు సూపర్‌వైజరైనవాడు. అతనికి మంగళవారం సెలవు. అందుకని మంగళవారమే పోయాం. అతనికి మంగళవారం సెలవు ఉన్నది నా కాలంలో. ఆ సంగతి తర్వాత తట్టింది.

మేం పోయేసరికి ట్యాంకరు లోడు దించి పైపు చుట్టుకుంటోంది. ఇప్పుడు కొలత ఆఫీసులో తెర మీదే కనిపిస్తుందట. రాడ్డు మాత్రం పాత మూలలోనే ఉంది. చేతిలోకి తీసుకోగానే ఒళ్ళు తెలియలేదు. పేస్టు పూశాను, పంపు కుర్రాళ్ళకు డిపో సార్‌నని చెప్పి మూత తీయించాను, ఆమె చూస్తుండగా రాడ్డు దించి లాగి, డిపో మేనేజరు గొంతుతో అంకె చదివాను. వెనక నుంచి సూపర్‌వైజరు నవ్వు వినిపించింది.

"అన్న, ముప్పై ఏండ్లు ఈ టాంకిల్నే రాడ్డు పెట్టినవ్. లోడు దిగినంక జర ఆగాలె అని మాకు నేర్పిందే నువ్వు. మరిచినవా?"

లోడు పడ్డాక ట్యాంకులో పెట్రోలు ఊగుతూ పొంగు మీద ఉంటుంది. అప్పుడే రాడ్డు పెడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇరవై నిమిషాలు ఆగి కుదురుకోనివ్వాలి. ఆ వాక్యం ఆఫీసు గోడ మీద ఎర్ర రంగుతో ఉంది, నా చేతిరాతలోనే. సూపర్‌వైజరు పాపం ఏ కపటమూ లేకుండా, ఈయన మా గురువు అమ్మా, గోడ మీద రాసింది ఈయననే అని ఆమెకు చూపించాడు. కుర్చీలు వేయించి చాయ్ తెప్పించాడు.

ఆమె చాయ్ తాగలేదు. నా చేతిలో రాడ్డు తీసుకుని గుడ్డతో శుభ్రంగా తుడిచింది. గోడ గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు నిలబడే ఉంది. తర్వాత తనే పేస్టు పూసి రాడ్డు నిటారుగా దించింది, అడుగు తగలగానే లాగింది. ఆమె చదివిన అంకె నా అంకె కంటే తక్కువ. నోటుబుక్కులో రెండూ పక్కపక్కనే రాసుకుంది.

తిరిగి చిక్కడపల్లి వైపు నడిచాం. ఫ్లైఓవర్ కింద ఆగింది.

"తాతా," అంది. అప్పటిదాకా సార్‌నే. "నీ మాటలను పదిహేను డిగ్రీలకు తెస్తే ఎంత మిగుల్తది?"

"రాడ్డు ఒక్కటి మిగుల్తది."

"మరి జీఎం?"

"లేడు బిడ్డా. గేటు దాక పోయిన. లోపటికి రానియ్యలే."

తిడుతుందని ఎదురుచూశాను. ఏజెన్సీలో వేరే పిల్ల చేరిపోయింది తాతా అని మాత్రం అంది, నాకు తెలియదేమో చెబుదామన్నట్టు. తర్వాత సంచీ భుజం మార్చుకుని హాస్టల్ వైపు నడిచింది.

మిగిలిన ఆరు రోజుల్లో ఆమె అడగని చోటు లేదు. నా పాత సూపర్‌వైజరు బంకులోనే పెట్టుకుంటానని ముందుకొచ్చాడు, ఓనరు బయటివాళ్ళు వద్దన్నాడు. నేను యూనివర్సిటీకి వచ్చి తప్పు నాదేనని చెబుతానన్నాను. ఏమని చెప్తవ్ తాతా అంది. తేదీ దాటిపోయింది. వచ్చే ఏడు జూనియర్లతో కలిసి మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివితే ఏమొస్తుందో కోచింగ్‌లో ఉన్న ఆ ఇద్దరు సీనియర్లను చూస్తే తెలుస్తూనే ఉంది. ఆమె పోలేదు.

ఇప్పుడు అదే హాల్లో కూర్చుంటుంది. ముందు రాజ్యాంగం, ఉద్యమ చరిత్ర, కరెంట్ అఫైర్స్. నోటిఫికేషన్ వస్తుందంటారు, వాయిదా అంటారు, మళ్ళీ వస్తుందంటారు. భోజనానికి పోయేటప్పుడు తన జాగాలో సంచీ పెట్టి నన్ను చూస్తూ ఉండమంటుంది. చూస్తూ ఉంటాను. పేపర్ల గదిలో వాళ్ళకు కూడా నిజం చెప్పేశాను, నాది బంకు అని. డిపో సార్ ఇయ్యాల కొత్త కథ తెచ్చిండు అని నవ్వుకున్నారు.

మొన్న ఆదివారం, అమావాస్యనాడు, ఒక మనిషి హాలు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. గోళ్ళలో సిమెంటు, చేతిలో సీతాఫలాల సంచీ. అమావాస్యకు వాళ్ళ పనులు బంద్ ఉంటాయి. ఆమె తండ్రి. కూతురు నన్ను చూపించిందో, తనే పోల్చుకున్నాడో తెలియదు, నేరుగా నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మీరు దేవుని లెక్క సార్. బిడ్డను డిపోల పెట్టిచ్చిండ్రంట."

ఆమె వైపు చూశాను. పుస్తకం మూసి అట్ట మీద అరచేయి పెట్టుకుని ఉంది. తల ఎత్తలేదు.

"మంచిగ చేస్తున్నదా సార్?"

అబద్ధం చెప్పడానికి నాకు అంత సేపు ఎన్నడూ పట్టలేదు.

"మంచిగ చేస్తున్నది. పొద్దున్నే రాడ్డు దించి కొలుస్తది. లోడు దిగినంక ఇరవై నిమిషాలు ఆగుతది. అందరు ఆగరు."

ఆయన ముఖం విప్పారింది. మా మేస్త్రీ కూడ గంతే సార్, స్లాబు పోసినంక ఎవ్వల్ని తొక్కనియ్యడు అన్నాడు. సీతాఫలాలు నా బల్ల మీద పెట్టాడు. పోతూ పోతూ మళ్ళీ వెనక్కి వచ్చాడు. వచ్చే అమావాస్యకు ఆమె తల్లిని కూడా తీసుకొస్తాడట, డిపో ఒకసారి చూపించాలట. లోపలికి వద్దు సార్, గేటు కాడి నుంచే అన్నాడు.

అంబర్‌పేట్ బస్సు ఎక్కించి ఆమె తిరిగి వచ్చింది. కూర్చుని పుస్తకం తెరిచింది. అమాసకు ఏం చేద్దాం బిడ్డా అని అడిగాను. పేజీ తిప్పి, గీత గీయాల్సిన చోట పెన్సిలుతో గీత గీసి, తల ఎత్తకుండానే చెప్పింది.

"జీఎం ముంబైల ఉన్నడని చెప్పు తాతా."