జెండా ఊపింది బావ కాదు

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే "లొకేషన్ పంపు, వెళ్లి చూసొస్తా" అనే రకం నేను. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లలో పెరిగాను. చదువు కోసం ఖరగ్‌పూర్ వచ్చాక, హాస్టల్లో ఏదో గది పేరు చెప్పి సీనియర్లు భయపెట్టబోతే వాళ్లతో గొడవ కూడా పెట్టుకున్నాను. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెప్తాను.

పేర్లు మార్చాను. పని వివరాలు కూడా కొన్ని మార్చాను. ఇందులో ఒక ఇంటి పెద్దాయన పరువు ఉంది. ఆయన ఇప్పటికీ రోజూ డ్యూటీకి వెళ్తున్నారు.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, ఎప్పుడో ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనికొచ్చి స్థిరపడిన నా ఫ్రెండ్ భాస్కర్ వాళ్ల క్వార్టర్‌లో, ఆదివారాలు మేం ముగ్గురం ఆట ఆడేవాళ్లం. పావులు జరిపే ఆట కాదు. భాస్కర్ కథ నడిపిస్తాడు. నేనూ సౌమిక్ అందులో చెరో పాత్ర. మా పాత్రలు ఏం చేస్తాయో నోటితో చెప్పాలి, అది జరుగుతుందో లేదో అనుమానం ఉన్నచోట పాచిక వేయాలి. సౌమిక్ బెంగాలీయే గానీ ఆ సందుల్లోనే పెరిగాడు, నాకంటే గట్టి తెలుగు మాట్లాడతాడు. ఇద్దరిదీ ఉత్తరాంధ్ర యాస. నాకు అర్థమవుతుంది, నోరు మాత్రం తిరగదు.

ఈ ఆటలో ఒక పెద్ద రూల్ ఉంది. నాకు తెలిసినవన్నీ నా పాత్రకి తెలియవు. ఒకసారి సౌమిక్ పాత్ర గోదాములోకి వెళ్తే, తలుపు వెనక దొంగ నక్కి ఉన్నాడని భాస్కర్ చెప్పాడు. నేను విన్నాను కదా, నా పాత్ర కూడా కర్ర పట్టుకుని అక్కడికి వెళ్తుందన్నాను.

"కర్రెందుకు?" అన్నాడు భాస్కర్.

"దొంగ ఉన్నాడుగా."

"అది నీకు తెలుసు. వంతెన కాడున్న నీ కేరెక్టర్‌కి ఎవులు సెప్పినారు? దొంగే ఫోన్ సేసినాడేటి?"

"హైదరాబాద్ మేడం కదా, సీసీ కెమెరా పెట్టించుంటాది," అన్నాడు సౌమిక్.

తిక్క రేగి పాచిక విసిరికొట్టాను. అది బీరువా కిందకి పోయింది. అప్పట్నుంచి సౌమిక్ సీన్ నడిచినప్పుడల్లా నన్ను వరండాలోకి పంపేవాళ్లు. ఇంకోసారి అలా చేస్తే ఆట నుంచే పంపేస్తానన్నాడు భాస్కర్.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాన పడుతోంది. కొత్త కథ, రైల్వే యార్డులో. రెండు బోగీల మధ్య దూరి, వాటిని కలిపే కప్లింగ్ తగిలిస్తున్న ఒక పనివాడు, బండి కదలడంతో నలిగి చనిపోయాడు. జెండా ఊపనిదే డ్రైవర్ బండి కదపడు. మరి ఊపింది ఎవరు? సౌమిక్ విచారణ ఆఫీసర్. నేను ఆ రోజు పక్కనే పనిచేసిన మనిషిని. చనిపోయినవాడిదీ నాదీ ఒకే షిఫ్టు, అంతకుమించి సంబంధం లేదని భాస్కర్ ముందే చెప్పాడు. నా పాత్ర ఏమీ చూడలేదని కూడా చెప్పాడు.

ఆఫీసర్ యార్డు చూసే సీన్‌కి నన్ను బయటికి పంపారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రీల్స్ చూస్తూ కూర్చున్నాను. లోపలి మాట ఒక్కటీ వినపడలేదు. మళ్లీ పిలిచాక, ఎప్పట్లాగే ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి చాప మీద పెట్టాను. ఆట ఎక్కడ ఆగిందో తర్వాత ఎవరికీ గుర్తుండదు మరి.

సౌమిక్ గొంతు సవరించుకున్నాడు. "సెప్పవయ్యా. జెండా ఎవుడు ఊపినాడు? సచ్చిపోయినోడే ఊపీసి మల్లీ లోనకెల్లినాడట, నిజమేనా?"

"నాకు తెలియదు సార్" అనాలి. అనడానికే నోరు తెరిచాను.

"జెండా ఊపింది బావ కాదు. నాను," అన్నాను. "బావ బయటికొచ్చీసినాడనుకున్నాను."

గొంతు నాదే. ఆ యాస నాది కాదు.

సౌమిక్ పగలబడి నవ్వాడు. "ఓరి బాబో, మేడం మన బాస నేర్సీసింది! మజ్జిలో ఈ బావేటి? సుట్టరికం ఎప్పుడు కలిపినావు?"

భాస్కర్ నవ్వలేదు. గుమ్మం వైపు చూస్తున్నాడు. అక్కడ వాళ్లమ్మ, ఆవనూనె కలిపిన మరమరాల గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"మల్లీ అను," అంది నాతో.

అనబోయాను. రాలేదు.

"ఆట అమ్మా," అన్నాడు భాస్కర్.

"ఆటేనా పాపా?"

"ఆటే ఆంటీ."

ఆవిడ గిన్నె చాప మీద పెట్టింది. వంగి, నాకు మాత్రమే చెప్తున్నట్టు చిన్నగా అంది. కానీ అందరికీ వినపడింది. "ఆటలోనైనా ఆ మాట అనకు. ఆయన డూటీ నుంచి వచ్చే యేలయ్యింది."

సౌమిక్ నవ్వు ఆగిపోయింది. గిన్నెలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. అప్పుడే గేటు చప్పుడైంది.

భాస్కర్ వాళ్ల నాన్న రెయిన్‌కోటు విప్పుతూ లోపలికొచ్చారు. "ఏటి, ఎవులు గెలిసినారు?"

భాస్కర్ లేచి వెళ్లి ఆయన చేతిలో క్యారేజీ అందుకున్నాడు. "ఇంకా అవ్వలేదు నాన్నా. కాళ్లు తుడుసుకో, జారతాది." మామూలుగానే అన్నాడు. ఆయన మొహం వైపు మాత్రం చూడలేదు.

వాన తగ్గాక నాతో సందు చివరిదాకా వచ్చాడు.

"అది మా మావ కత. అమ్మకి సొంత అన్న. నాను పుట్టకముందే పోనాడు. జెండా తనే ఊపుకున్నాడు, తప్పు తనదే అన్నారు అందరూ. పేర్లు మార్సి ఆటలో పెట్టినాను. ఆ రోజు పక్కన డూటీలో ఉన్నది మా నాన్న. మావని బావా అనే పిలిసీవోడట." నా సైకిల్ హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు. "నీకెవులు సెప్పినారు?"

ఇంకో రోజైతే ఆ అడిగిన తీరుకే గొడవపడేదాన్ని. "ఎవరూ చెప్పలేదు రా. ఒట్టు."

"జెండా ఊపింది నాన్నని నాకూ ఎవులూ సెప్పలేదు," అన్నాడు.

రికార్డింగ్ చెరిపేయమని ఆ సాయంత్రమే మెసేజ్ పెట్టాడు. చెరిపేశాను. అంతకుముందు చాలాసార్లు విన్నాను. సౌమిక్ ప్రశ్నకీ నా జవాబుకీ మధ్య తడబాటు లేదు, ఆలోచించుకున్నట్టు లేదు. రోజూ వింటున్న యాస ఎప్పుడో ఒకప్పుడు నోట్లోంచి వస్తుంది, ఒప్పుకుంటాను. జెండా ఊపింది పక్కవాడేనని ఎవరైనా ఊహించొచ్చు, అదీ ఒప్పుకుంటాను. కానీ ఆ "బావ" ఎక్కడిది? కథ నడిపేవాడికే తెలియని సంగతి నా పాత్రకి ఎలా తెలిసింది?

ఆ తర్వాత నేను ఆ ఇంటికి వెళ్లలేదు. మొన్న న్యూ సెటిల్‌మెంట్‌లో జిరాక్స్ షాపు దగ్గర భాస్కర్ వాళ్ల నాన్న కనపడ్డారు. నేను ఫోన్‌లో తల దూర్చేలోపే సైకిల్ ఆపేశారు.

"ఏటి తల్లీ, ఇంటికి రావట్లేదు? మావోడు ఆట మానీసినాడు. నాతో మాటాడతాడు గానీ నా మొకం సూడ్డు. మీ మజ్జిన ఏటైనా అయ్యిందా? నీకేటైనా తెలుసా?"

"తెలీదు అంకుల్," అన్నాను.