మంచం కట్టిన పికప్

మా అవ్వకు బస్సు పడదు. అవ్వ అంటే మా దగ్గర అమ్మే. కారు అసలే పడదు. ఆటో ఎక్కితే సందు మలుపు దాకా ఓర్చుకుంటుంది, అక్కడి నుంచి ఆటో అతని అదృష్టం. మాత్రలు మింగించాం, నిమ్మకాయ వాసన చూపించాం, డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టాం. మాత్ర వేసుకున్న రోజు నిద్రలోనే వాంతి చేసుకుంది, అదొక్కటే తేడా. జనగామలో మా ఇంటికి వచ్చి ఉండటం మొదలుపెట్టాక కాలినడకన ఎంత దూరం పోగలిగితే అంతే అవ్వ లోకం. మా ఇంటికి వచ్చిన రోజు ఏం జరిగిందో ఆ బస్సు కండక్టర్‌ను అడగాలి.

అవ్వకు తోబుట్టువు ఒక్కతే, అక్క. నాకు పెద్దవ్వ. గోదావరికి దగ్గరలో మహదేవపూర్‌లో ఉంటుంది. ఆమె మనవడి పెండ్లికి అవ్వ పోలేకపోయింది. దాంతో పెద్దవ్వ ఫోన్ చేసి, "బస్సు పడదట! అన్ని సాకులే. నాకు చెల్లె లేదనుకుంట తియ్" అని పెట్టేసింది. ఆ తర్వాత అవ్వ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. అవ్వ రోజూ పొద్దున్నే ఫోన్ చెవికి పెట్టుకొని రింగు ఆగిపోయేదాకా వినేది. "అదన్న ఒక్కసారి మనింటికి ఒచ్చిందా? పెద్దదాన్నని పొగరు" అని తిట్టేది. మరుసటి రోజు మళ్లీ ఫోన్ పట్టుకునేది. నాకు చూడబుద్ధయ్యేది కాదు.

ఇక నా సంగతి. నేను బట్టలు కుట్టి బతుకుతాను. కుట్టు మిషన్ చెడిపోతే నేనే విప్పి నేనే బిగించుకుంటాను. ఆ పిచ్చి ముదిరి మిక్సీ, కూలరు, నీళ్ల మోటారు, చివరికి మా ఆయన స్కూటరు కూడా విప్పేశాను. స్కూటరు బిగించాక కొన్ని నట్లు మిగిలాయి. అది ఇప్పటికీ శుభ్రంగా నడుస్తోంది. కానీ ఆయన ఆ నట్లను గాజు సీసాలో వేసి టీవీ పక్కన పెట్టుకున్నాడు, వచ్చిన వాళ్లందరికీ చూపించడానికి.

పికప్ నాకు మానుకోటలో దొరికింది. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. అక్కడ ఒక పెండ్లికి పోయి, భోజనాలకు ఇంకా టైముందని అటూ ఇటూ తిరుగుతుంటే మిరపకాయల గోదాం వెనకాల కనబడింది. టైర్లు మట్టిలోకి దిగిపోయి ఉన్నాయి. వెనక తొట్టిలో పేరుకున్న దుమ్ములో ఒక మిరప మొక్క మొలిచి, ఏపుగా పెరిగి, కాయలు కూడా కాసింది. అది చూసి నా మనసు అక్కడికక్కడే పడిపోయింది. ఇంజన్ ఎలా ఉందో చూడకముందే మొక్కను చూసి బండిని ఇష్టపడ్డాను.

"పెండ్లికొచ్చి పిల్లను చూసినట్టు దాన్ని చూస్తున్నవేంది?" అన్నాడు మా ఆయన.

"ఖాయం చేసుకున్న" అన్నాను.

"గిది మనకు దేనికే?"

నా దగ్గర జవాబు లేదు. బండి మాత్రం డీసీఎం లారీ ఎక్కి జనగామ వచ్చేసింది. మిరప మొక్కను కుండీలోకి మార్చాను.

మా దుకాణం పక్కనే మెకానిక్ షెడ్డు ఉంది. అందులో ఒక మూల నాకిచ్చిన మెకానిక్ మొదటిరోజే చెప్పాడు, "అక్కా, గిది బాగుచేసేది గాదు, పాత ఇనుము కింద కాటా మీద పెట్టేది" అని. అన్నాడే కానీ బరువులెత్తాల్సి వచ్చినప్పుడల్లా తనే ముందుకొచ్చాడు. ఆదివారాలన్నీ నేను దాని కిందే పడుకున్నాను. క్లచ్ ప్లేటు మార్చాను. బ్రేకులు మార్చాను. తుప్పు గీకి చిలకపచ్చ రంగు వేశాను. దుకాణంలో మిగిలిన జాకెట్ ముక్కలన్నీ అతికి సీట్లకు కవర్లు కుట్టాను. ఆ కవర్లు చూసి మా వీధి ఆడవాళ్లు "గిది నా పెండ్లి జాకెట్ ముక్క గాదా!" అని బండిలో ఎక్కి వెతుక్కున్నారు. తలుపు గట్టిగా వేస్తే చాలు, ఏ సందులోంచో పాత మిరప ఘాటు లేచి అందరం వరసగా తుమ్మేవాళ్లం. ఎంత కడిగినా పోలేదు.

వైరింగ్ ఒక్కటే నన్ను ఏడిపించింది. బ్రేకు తొక్కితే హారన్ మోగేది. విప్పి మళ్లీ కలిపాను. ఈసారి కూడా బ్రేకు తొక్కితే హారనే, కాకపోతే ఇంకొంచెం గట్టిగా. మెకానిక్ పొట్ట పట్టుకొని నవ్వాడు. నాకు కోపమొచ్చి అలాగే వదిలేశాను. ఆగుతున్నానని ఊరికి చెప్పి ఆగే బండి ఇంకెవరికుంది?

ఇంజన్ మొదటిసారి అందుకున్న రోజు నల్లటి పొగ సందంతా కమ్మేసింది. నేను చేతిలో పానా పట్టుకొని నడివీధిలో ఎగిరాను, ఈ వయసులో. అప్పుడే అవ్వ నాకు సద్ది తీసుకొని వచ్చింది. ఎండగా ఉందని తొట్టి అంచు మీద కూర్చుంది. నేను ఆ సంబరంలో వెనకాల ఎవరున్నారో చూసుకోకుండా బండిని ముందుకు దూకించాను. పట్టణం దాటి, పత్తి చేల పక్కకు వచ్చాక అవ్వ గుర్తొచ్చింది. బ్రేకు తొక్కాను, హారన్ మోగింది, నీళ్ల సీసా పట్టుకొని వెనక్కి ఉరికాను.

అవ్వ తొట్టిలో రాడ్డు పట్టుకొని నిలబడి ఉంది. కొప్పు ఊడిపోయింది. కొంగు గాలికి ఎగురుతోంది. వాంతి లేదు, తల తిరుగుడు లేదు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఆపినవేంది బిడ్డా? పోనియ్" అంది.

పోనిచ్చాను. మలుపులన్నీ తిప్పాను. అవ్వ పాట అందుకుంది. ఇంటికి వచ్చి దిగాక నా భుజం పట్టుకొని, గొంతు తగ్గించి అడిగింది, "గిది మహదేవపూర్ దాక పోతదా?"

మా ఆయన అడిగిన దానికి నాకు అప్పుడు జవాబు దొరికింది. ఆ రాత్రి ఆనందంతో నాకు అన్నం సయించలేదు.

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. నవారు మంచానికి కాళ్లు సగం కోసి తొట్టిలో బోల్టులు బిగించాను. అవ్వ కూర్చుంటే మొహం దారికి ఎదురుగా ఉండేలా పెట్టాను. చుట్టూ పట్టుకోవడానికి రాడ్లు, నడుముకు పట్టీ, పైన ఎండకు పరదా. మాట్లాడుకోవడానికి క్యాబిన్ వెనక రేకు కోసి కిటికీ పెట్టి, దానికి జరీ అంచు తెర కుట్టాను. "పోలీసులు ఆపితే?" అన్నాడు మా ఆయన. "మిర్చి కూలోళ్లను తీస్కపోయే బండ్లను ఆపుతుండ్రా అల్లుడా?" అంది అవ్వ. ఆ మాట తర్వాత మాకే తగులుతుందని అప్పుడు తెలియదు.

తెల్లారకముందే బయల్దేరాం. గంగకు ఇవ్వడానికని అవ్వ పసుపు, కుంకుమ పెద్ద పొట్లాలే తెచ్చుకుంది. గంగ అంటే మాకు గోదావరే. హన్మకొండ దాటాం, పరకాల దాటాం. బ్రేకు తొక్కినప్పుడల్లా మోగుతుంటే ఎదురొచ్చే లారీల వాళ్లు కూడా మోగించి చెయ్యి ఊపారు. నేను నవ్వలేక చచ్చాను. భూపాలపల్లి దారిలో కొంత దూరం పోయాక బానెట్ కింది నుంచి ఆవిరి లేచింది.

"అయిపోయింది. మీ పెద్దవ్వే గెలిచింది" అన్నాడు మా ఆయన.

రేడియేటర్ కారుతోంది. చల్లారేదాకా ఆగి, మూత తీసి, అవ్వ దగ్గర పసుపు పొట్లం అడిగాను. కారే రేడియేటర్లో పసుపు కలిపి పోయడం లారీల వాళ్ల పాత వైద్యం. అది నీళ్లతో పాటు పోయి చిల్లులో ఇరుక్కుంటుంది. "గంగకు తెచ్చిన పసుపే!" అని అవ్వ కాసేపు మొత్తుకుంది. తర్వాత "గీ బండి కూడ నీళ్లు తాగేదే గదా" అని తనే సర్దుకొని పొట్లం ఇచ్చింది. మా ఆయనా నేనూ ఎత్తిన బానెట్ కింద తలలు దూర్చి పసుపు నీళ్లు పోస్తూ నిలబడ్డాం. కారడం ఆగింది! నేను మా ఆయన మొహానికి కూడా ఇంత పసుపు పూసి, ఎక్కి, బండి ఉరికించాను.

వెనక నుంచి నవ్వులు వినబడ్డాయి. అవ్వ ఫోన్‌లో ఏదో చూస్తోందనుకున్నాను. కిటికీకి తెర వేసి ఉంది. బండి కొంచెం బరువుగా లాగుతున్నట్టనిపించి, పసుపు ఎక్కువైందేమోనని భయపడ్డాను. అంతలో క్యాబిన్ పైన దబదబా చేతులు పడ్డాయి.

"అన్నా! ఓ అన్నా! చేను దాటిపోయింది!"

బ్రేకు, హారన్. దిగి చూస్తే తొట్టి నిండా ఆడవాళ్లు. తలలకు తువ్వాళ్లు, చేతుల్లో సద్ది గిన్నెలు. మధ్యలో మంచం మీద మా అవ్వ, ఎవరిదో గిన్నెలోంచి రొట్టె తింటోంది.

"ఎవరు మీరు?" అన్నాను.

"మేమెవరమేంది? మిర్చి ఏరెటోళ్లం. నువ్వెవరు? దినాం వొచ్చే అన్నేడి?" అంది ముందున్నామె.

వాళ్లది పక్క తండా. రోజూ పొద్దున రోడ్డు మీదికి వచ్చి నిలబడితే పికప్ వచ్చి ఆగుతుంది, వెనక ఎక్కుతారు, డ్రైవరు మొహం చూసే పనే లేదు. ఆ రోజు వాళ్లు నిలబడే చోటే మా బండి ఆగింది. పైగా మిరప వాసన కూడా వస్తోంది. ఇక అనుమానమెందుకు?

"అవ్వా, నువ్వన్న చెప్పొద్దా?"

"నువ్వే ఎక్కిచ్చుకున్నవనుకున్న. మంచిగ ముచ్చట వెడ్తుండ్రు" అంది అవ్వ రొట్టె నములుతూ.

మా ఆయన పసుపు మొహంతో రోడ్డు పక్కన కూలబడి నవ్వుతున్నాడు. ఆ ఆడవాళ్లు వాళ్ల భాషలో ఒకరికొకరు ఏదో చెప్పుకొని విరగబడి నవ్వారు. బండి వెనక్కి తిప్పి చేను దగ్గర దించాను. ఆ చేను రైతు నా మీద విరుచుకుపడ్డాడు, "గింత ఆలిశ్యమైతే ఎట్లమ్మా? రేపన్న జర జల్ది రా." సరే అన్నాను, ఏం చేస్తాం! ముందున్నామె దిగి, చేనులోంచి పిడికెడు ఎర్రటి కాయలు తెంపుకొచ్చి అవ్వ ఒళ్లో పోసింది. అవ్వ అప్పటికే వాళ్లకు కథంతా చెప్పేసిందన్నమాట. "మీ అక్క మాట్లాడకుంటే గివి తినిపియ్యి పెద్దమ్మా, నోరు దానంతటదే తెరుస్తది" అంది.

అక్కడి నుంచి కిటికీ తెర తీసేసే నడిపాను. మహదేవపూర్ దగ్గర పడేకొద్దీ అవ్వ మాటలు తగ్గాయి. జుట్టు దువ్వుకుంది, బొట్టు దిద్దుకుంది. పెద్దవ్వ ఇంటి ముందు బ్రేకు తొక్కాను. హారన్‌కు వాడకట్టంతా బయటికి వచ్చింది. అందరికంటే చివర పెద్దవ్వ వచ్చి గడపలో నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది.

"అక్కా, నేనే. ఒచ్చిన" అంది అవ్వ. పట్టీ విప్పుకోబోయింది.

"దిగకు" అంది పెద్దవ్వ.

లోపలికి పోయింది. ఇంత పని చేసి, ఇంత దూరం తెచ్చి, అవ్వకు ఈ మాట వినిపించానా అని ఏడుపొచ్చింది. మా ఆయన "తిప్పుదామా?" అని మెల్లగా అడిగాడు. అంతలో పెద్దవ్వ భుజాన తువ్వాల వేసుకొని, చీర మార్చుకొని బయటికొచ్చింది.

"గంగకు పోదాం. నన్ను జర ఎక్కియ్యుండ్రి."

ఎక్కించాం. పెద్దవ్వ మంచం మీద కూర్చుంది కానీ అవ్వకు వీపు చూపించి, వెనక్కి తిరిగి కూర్చుంది. కాళేశ్వరం దారి పట్టాను. కిటికీలోంచి ఇద్దరి మాటలూ వినబడుతున్నాయి. బస్సు పడదట, ఆటో పడదట అని పెద్దవ్వ మొదలుపెట్టింది. నువ్వన్న మా ఇంటికొచ్చినవా అని అవ్వ అందుకుంది. మిరపకాయలు అటు ఇటు దొర్లుతున్నాయి. ఒక మలుపు తిరిగాం. ఇంకోటి. పెద్దవ్వ మాట సగంలో ఆగిపోయింది.

"ఆపు బిడ్డా! ఆపు!" అవ్వ అరిచింది.

ఆపేసరికి పెద్దవ్వ తొట్టి అంచు మీదికి వంగి వాంతి చేసుకుంటోంది. అవ్వ ఒక చేత్తో ఆమె నుదురు పట్టుకుంది, రెండో చేత్తో వీపు రాస్తోంది. ఆ పట్టు అవ్వకు బాగా తెలుసు. ఇన్నేండ్లూ నేను పట్టింది అలాగే. నీళ్లు పుక్కిలించాక కూడా పెద్దవ్వ తల ఎత్తలేదు.

"ఎన్నొద్దుల సంది అక్కా?"

"సిన్నప్పటి సంది. మన నాయినకు గూడ గింతే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పినప్పుడు నిన్ను చూసి నవ్విన గద. ఇగ ఏ మొకంతోని చెప్పాలె?"

మా ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇద్దరూ ఒకరి రాక కోసం ఒకరు ఎదురుచూస్తూ, తిట్టుకుంటూ, ఒకే జబ్బుతో చెరో ఊళ్లో కూర్చున్నారు. అవ్వ పెద్దవ్వ భుజాలు పట్టుకొని ముందుకు తిప్పింది.

"గిట్ల దారి దిక్కు కూసో. గాలి మొకానికి తాకాలె. కండ్లు ముయ్యకు. గీ రాడ్డు పట్టుకో."

పట్టీ విప్పి, కొంచెం వదులు చేసి, ఇద్దరి నడుములకూ కలిపి కట్టింది. "ఇగ పోనియ్ బిడ్డా" అంది. మెల్లగా పోనిచ్చాను. కొంత దూరం పోయాక పెద్దవ్వ కిటికీలోంచి చెయ్యి పెట్టి నా భుజం మీద తట్టి, ఇంకొంచెం జోరుగా పోనిమ్మంది.

మర్నాడు జనగామకు తిరిగి బయల్దేరినప్పుడు మంచం మీద ఇద్దరున్నారు. పెద్దవ్వ మా ఇంటికి రావడం అదే మొదటిసారి.