తీసివేత గిట్టని బాబాయి

ఆ గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసే బాబాయి చచ్చినా తీసివేత చెయ్యడు. రిటైర్మెంటుకు ఇంకెన్నాళ్లుందని అడిగితే, ఈ నెల నుంచి మొదలుపెట్టి వేళ్లమీద ముందుకు లెక్కపెట్టుకుంటూ పోతాడు. అడిగినవాళ్లు ఈలోగా టీ తాగి వస్తారు.

ఈ జబ్బు ఆయనకు కంపైలర్ నుంచి అంటుకుంది. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టేదే కంపైలర్. అక్కడున్నది వాడుకలోంచి ఎప్పుడో పోయిన కంప్యూటర్ భాషది. దానికో తెగులు. తీసివేతలో జవాబు సున్నా కిందికి దిగిందా, దానికి మతిపోతుంది. గడువుకు ముందే పుస్తకం తిరిగిచ్చిన ఓ పెద్దమనిషికి, తాను పుట్టకముందు నుంచే ఆ పుస్తకం దాచుకున్నాడంటూ నోటీసు వెళ్లింది. ఆయన దాన్ని పట్టుకొచ్చి చేసిన రభసతో, బాబాయి తన ప్రోగ్రాముల్లో తీసివేత గుర్తును గడప తొక్కనివ్వడం మానేశాడు. ఒక్క ముక్కలో తేలే లెక్కకు పేజీడు కూడికలు రాస్తాడు.

కొత్తగా వచ్చిన మేనేజరమ్మది ముక్కుసూటి వ్యవహారం. బీరువా సర్దిస్తుంటే ఆమెకు విప్పని పెట్టెలో కొత్త కంపైలర్ దొరికింది. తెగులు బాగుచేసి, తయారుచేసినవాళ్లే ఎప్పుడో పంపారట. ఇదేమిటని బాబాయిని పిలిచి నిలదీసింది.

"ఇన్నాళ్లు వేగాం కదమ్మా, ఇంకొన్నాళ్లు వేగలేమా?" అన్నాడాయన.

రేపే మార్చెయ్యాలని ఆమె తెగేసి చెప్పింది. బాబాయి కాసేపు నసిగి, ఆమెను వరండాలోకి తీసుకెళ్లి కిటికీలోంచి టైపిస్టు అక్కయ్యను చూపించాడు. అక్కయ్య ముందున్న పాత తెరమీద గుమ్మడికాయలంత అక్షరాలు. అవి ఆయన పనిగట్టుకుని పెంచినవే. కొత్త కంపైలర్ కొత్త యంత్రాలమీద తప్ప నడవదు. వాటిలో అక్షరాలు చీమ తలకాయలంత, పెంచడానికీ వీల్లేదు.

"అక్కయ్యకు చూపు ఆనడం లేదమ్మా. బయటపడితే ఉద్యోగంలోంచి తీసేస్తారు," అన్నాడు గొంతు తగ్గించి.

మేనేజరమ్మ మనసు కరిగింది. అయినా ముక్కుసూటి మనిషి కదా, మంచి డాక్టరుకు చూపిద్దామని నేరుగా అక్కయ్య దగ్గరకే వెళ్లి కళ్ల సంగతి ఎత్తింది. అక్కయ్య అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"పొర తీయించుకుని ఏడాది దాటిందండీ. ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తాను."

"మరి ఆయనతో చెప్పలేదా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు? నాకోసం అన్నన్ని కూడికలు రాసి చస్తున్నాడు. అక్షరాలు కనబడుతున్నాయా అక్కయ్యా అని రోజూ అడుగుతాడు. కనబడుతున్నాయంటే చాలు, చిన్నపిల్లాడిలా మురిసిపోతాడండీ."

మేనేజరమ్మ తిరిగొచ్చేసరికి బాబాయి గుమ్మంలోనే కాచుక్కూచున్నాడు. అక్కయ్య నొచ్చుకుందేమోనని ఆయన బెంగ.

ఆమె నోరు తెరిచింది. ఆయన మొహం చూసింది.

"అక్షరాలు ఇంకాస్త పెద్దవి చెయ్యమన్నారు బాబాయి గారూ," అంది.

బాబాయి హుషారుగా కుర్చీ లాక్కుని పనిలో పడ్డాడు. మర్నాటి నుంచి అక్కయ్య తెరమీద వరసకు రెండే మాటలు పట్టాయి. ఆవిడ కిక్కురుమనకుండా టైపు చేసుకుంటూ పోయింది.